మీకు తెలుసా? తెల్లవారుజామున సైకిలెక్కే ముందు ఏం తినాలి

రాత్రి నిద్రలో కండరాల్లోని గ్లైకోజెన్ (ఒంట్లో నిల్వ ఉండే గ్లూకోజు) పెద్దగా తరగదు, తరిగేది కాలేయంలోది. మనం పడుకున్నా మెదడుకు గ్లూకోజు కావాలి, అది అక్కడి నుంచే వస్తుంది. అందుకే ఖాళీ కడుపుతో బయల్దేరినా మొదటి గంట హాయిగానే గడుస్తుంది. ఆ తర్వాతే అసలు కథ: నీరసం, చిరాకు, కాళ్లు ఆడకపోవడం. 200 కిలోమీటర్ల బ్రెవేను, అంటే గడువున్న సుదూర సైకిల్ సవారీని, 13 గంటల 30 నిమిషాల్లో ముగించాలనుకునేవారికి ఇది చిన్న విషయం కాదు.

రెండు గంటల ముందే లేవగలిగితే నాలుగు ఇడ్లీలు తినండి, చట్నీ కాస్త తగ్గించి. ఐదింటి ప్రయాణానికి మూడింటికే లేచి తినేవాళ్లు ఎందరుంటారు లెండి! అలాంటప్పుడు అరగంట ముందు ఒక అరటిపండు, రెండు ఖర్జూరాలు, ఒక గ్లాసు నీళ్లు చాలు. మధ్యస్థంగా ఉన్న అరటిపండులో పిండిపదార్థం 25 గ్రాముల పైనే. పూరీ, గారె మాత్రం తిరిగొచ్చాకే; నూనె వస్తువులు కడుపులోంచి త్వరగా కదలవు.

గంట దాటిన సవారీలో దారిపొడవునా గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందాలి. ఏదైనా కొత్తగా తినాలనుకుంటే ముందు చిన్న సవారీలో తిని చూడండి.