దస్తావేజులోని పేరు

మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతములందు అపార్టుమెంటు కొనిన యువకుడెవరైనను తన రిజిస్ట్రేషను దస్తావేజును విప్పి చూచినచో, శేరిలింగంపల్లి మండలమను మాట వెంటనే రంగారెడ్డి జిల్లాయను మాట కానవచ్చును. ఆ రంగారెడ్డి యెవరో చెప్పగలవారు నేడు బహు కొద్దిమంది.

కొండా వెంకట రంగారెడ్డిగారు 1890లో, నేటి మొయినాబాదు మండలమునందలి పెద్దమంగళారమున జన్మించిరి. వృత్తిచే న్యాయవాది. ఉర్దూ రాజభాషయై, సభలో తెలుగున మాటాడుటయే సాహసముగా నుండిన నిజాము దినములలో, 1936లో షాద్‌నగరున ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిరి. పిదప హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి బూర్గులవారి మంత్రివర్గమున మంత్రియైరి.

ఆయన జీవితమున నాకు మిక్కిలి గణనీయముగా తోచునది 1956వ సంవత్సరము. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములను కలిపి విశాలాంధ్రము నేర్పరచుటను తొలుత గట్టిగా వ్యతిరేకించిన యీ పెద్దమనిషియే, తెలంగాణమునకు న్యాయమైన రక్షణలు లభించునను నమ్మికతో, ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందముపై సంతకము చేసిరి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువారైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువారై యుండవలెనని అందు వ్రాసికొనిరి. కాని నవంబరున ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ తొలి మంత్రివర్గమున ఆ పదవియే లేకపోయెను. వ్రాసిన మాట నిలువకపోవుట చిన్న తప్పిదము కాదు. 1959లో ఆ పదవి ఆయనకే దక్కినది గాని, చల్లారని అసంతృప్తి 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమమై రగిలినప్పుడు దానికి నాయకత్వము వహించినవారిలో ఆయన మేనల్లుడు మర్రి చెన్నారెడ్డిగారు ప్రముఖులు.

రంగారెడ్డిగారు 1970లో కాలధర్మము చెందిరి. 1978లో హైదరాబాదు జిల్లానుండి విడదీసిన గ్రామీణ ప్రాంతమునకు ఆయన పేరిడిరి. 2016లో ఆ జిల్లా మరల ముక్కలైనను, శేరిలింగంపల్లి మాత్రము ఆయన పేరి జిల్లాలోనే నిలిచినది.