కారుకంటె ముందు వచ్చిన కాగితము

మలక్‌పేటలోని మహబూబ్ మాన్షను ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుగారి భవనము. ఆయన ఇంగ్లాండునుండి రోల్స్‌రాయిస్ కారును తెప్పింప గోరెను. అది చేరకమునుపే 1911లో మరణించెను. ఆ పసుపుపచ్చని బండి నేడు చౌమహల్లా ప్రాసాదమున నున్నది. ప్రభువునకే దక్కని కారు!

సామాన్య కుటుంబముల నిరీక్షణ వేరు. 1960వ దశకమున ఎన్ని కార్లు తయారు చేయవలయునో ప్రభుత్వ అనుమతిని బట్టి యుండెడిది. అంబాసిడరు, ఫియట్టు, స్టాండర్డు హెరాల్డు – ఎంచుకొనుటకు ముఖ్యముగా ఇవియే. సొమ్ము కట్టి పేరు వ్రాయించుకొన్నవారు ఏండ్ల తరబడి వేచియుండెడివారు. అంతవరకు ఇంట నుండునది కారు కాదు, విక్రేత యిచ్చిన బ్రోచరు. అందు రంగుల బొమ్మ, సీట్ల వివరము, ఇంజను కొలత ఉండెడివి. అంబాసిడరుది 1489 ఘన సెంటీమీటర్లు, ఫియట్టుది 1089. పెద్దలు అంకెలు చదివెడివారు. పిల్లలు రంగునకై పోట్లాడెడివారు. విదేశీ బ్రోచర్లలో చిత్రకారులు బండిని ఉన్నదానికంటె పొడవుగా వ్రాయుటయు కలదు. కావున బొమ్మకంటె అంకెయే నమ్మదగినది.

కారు ఇంటికి వచ్చిన పిదప ఆ కాగితమును దాచువారెవరు? పాత పత్రికలతో తూకమునకు పోయెను. ఉత్తరపారాలో అంబాసిడరు తయారీయు 2014లో నిలిచిపోయెను. మీ ఇంటి అటకపై అట్టి బ్రోచరు దొరకినచో, దాని అంచున తాతగారు పెన్సిలుతో వేసికొన్న లెక్కలున్నవేమో చూడుడు.