ఎర్ర దీపం చెప్పే మాట

ఒకప్పుడు నల్లా రాకపోతే ఇంట్లో కంగారు పడేవాళ్ళం. ఇప్పుడు ఇంటర్నెట్ రాకపోయినా అంతే కంగారు. పిల్లల చదువు, ఉద్యోగాల దరఖాస్తులు, గల్ఫ్‌లో ఉన్న కొడుకుతో మాటలు, అన్నీ గోడకు తగిలించిన ఆ చిన్న పెట్టె మీదే ఆధారపడ్డాయి. దాని సంగతి తెలుసుకున్నవారు మాత్రం మనలో తక్కువ. మేమూ ఆ కోవలోని వాళ్ళమే.

మేము ఉండేది దిల్‌సుఖ్‌నగర్ పక్కన, చైతన్యపురిలో. ఒక వర్షాకాలపు సాయంత్రం పక్కింటి అమ్మాయి పరుగున వచ్చి, "చాచా, దరఖాస్తుకు ఈ రాత్రే ఆఖరు, నెట్ పోయింది" అంది. మేము వెళ్ళి పెట్టెను నాలుగుసార్లు ఆపి, మళ్ళీ వేశాము. గంట వృథా అయింది. చివరికి వాళ్ళ అన్న సెల్‌ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టుకుని గట్టెక్కింది. మర్నాడు వచ్చిన లైన్ కుర్రాడు నవ్వి, "ఎల్‌ఓఎస్ దగ్గర ఎర్ర దీపం వెలుగుతోంది కదా సార్! వైరు బయట తెగింది. వందసార్లు ఆపి వేసినా రాదు" అన్నాడు. పాఠాలు చెప్పే మాకు అతను పాఠం చెప్పాడు.

ఫైబర్ వైరులో వచ్చేది వెలుగు. ఆ వెలుగు పెట్టెదాకా చేరకపోతే ఎర్ర దీపం వెలుగుతుంది. అప్పుడు ఫిర్యాదు రాయించడమే మన పని. దీపాలన్నీ పచ్చగా ఉండి కూడా నెట్ రాకపోతే, పెట్టెను ఆపి ఒక నిమిషం తర్వాత వేసి చూడాలి. ఫైబర్ వైరును ఎన్నడూ మడతపెట్టకూడదు. మడతలో వెలుగు జారిపోతుంది.

ఎల్బీనగర్‌లో మా బంధువుల ఫ్లాటులో బాధ వేరు. దీపాలు పచ్చగానే ఉన్నాయి, కానీ వెనక గదిలో పిల్లవాడి పాఠం ఆగి ఆగి వస్తోంది. చూస్తే పెట్టె ఇనుప బీరువా వెనక ఉంది! ఇంటి మధ్యలో, ఎత్తున పెట్టించగానే తేడా తెలిసింది. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ వేగమైనదే కాని గోడలను అంత బాగా దాటలేదు. దూరపు గదికి 2.4 మేలు.

అయితే ఆ 2.4లో రద్దీ ఎక్కువ. మన దేశంలో 2005 నుంచి దానికి లైసెన్సు అక్కరలేదు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళ గల్లీల్లో గదికొక పెట్టె ఉంటే ఒకదాని మాట ఒకదానికి అడ్డు. ఇరుగుపొరుగు మాట్లాడుకుని 1, 6, 11 చానెళ్ళు పంచుకుంటే అందరికీ సుఖం.

ఇక అసలు హెచ్చరిక. లైను పోయిందని పిల్లలు డాబా ఎక్కి వైర్లు లాగుతున్నారు. 2025 ఆగస్టులో మనకు దగ్గరలోని రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు మరణించారు. తర్వాత విద్యుత్ సిబ్బంది స్తంభాల మీది కేబుళ్ళు తొలగించారు, ఎన్నో ఇళ్ళలో ఇంటర్నెట్ ఆగింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. స్తంభం మీద ఏది నెట్ వైరో, ఏది కరెంటు తీగో కింద నుంచి ఎవరు చెప్పగలరు?

కనుక గోడ లోపలిది మన పని, గోడ బయటిది వాళ్ళ పని. ఆలస్యమైతే ఆ లైన్ కుర్రాడి మీద అరవకండి. వానలో స్తంభం ఎక్కేవాడు అతనే. అతనికీ ఇంటి దగ్గర ఎదురుచూసే తల్లి ఉంటుంది.