మందు డబ్బా మీద నాలుగు ఇంగ్లీషు ముక్కలు

"మిరపకి ముడతొచ్చింది, మంచి మందొకటివ్వండి" అంటే షాపాయన ఏదో ఒక డబ్బా తీసి బల్లమీద పెడతాడు. ఏ ముడతో ఆయన అడగడు, మనం చెప్పం. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. అసలు సంగతి దాని కింద చిన్నక్షరాల్లో, చాలామటుకు ఇంగ్లీషులో ఉంటుంది. లోపల మడతపెట్టిన కాగితంలో తెలుగు ఉంటుంది గానీ ఆ అక్షరాలు చీమ తలకాయంత. పైగా ఆ తెలుగులో సగం ఇంగ్లీషు మాటలే.

రైతుకు ఇంగ్లీషు మాట్లాడ్డం రావాలని కాదు. మన చేలో పనికొచ్చే మాటలు ఓ ముప్పై నలభై గుర్తుపడితే చాలు. వీటికి బడి అక్కర్లేదు. పురుగుల గురించి, విత్తనాల గురించి, వానల గురించి పేపర్లో, రేడియోలో వచ్చే వార్తలే పాఠాలు. గుంటూరు, ప్రకాశం పత్తి, మిరప రైతులు ఇన్నేళ్ళలో నేర్చిన ఇంగ్లీషు మాటలు అట్లా వచ్చినవే. కాకపోతే ఒక్కో మాటకీ మనం కట్టిన ఫీజు ఎక్కువ.

అట్లా వచ్చిన మాటే 'రెసిస్టెన్స్'. 1980ల మొదట్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చిన కొత్తలో ఒక్క తడవ కొడితే పురుగు రాలిపోయేది. మనవాళ్ళు దాన్నే మళ్ళీ మళ్ళీ కొట్టారు. 1987-88 నాటికి కోస్తా జిల్లాల పత్తిలో శనగపచ్చ పురుగు ఆ మందులకు చావడం లేదని శాస్త్రవేత్తలు తేల్చారు. తర్వాత 1997-98లో పత్తి రైతుల కుటుంబాలు పడిన కష్టం చెప్పనక్కర్లేదు. రెసిస్టెన్స్ అంటే పురుగు మందుకు అలవాటు పడటం కాదు. వేల పురుగుల్లో ఏవో కొన్నిటికి పుట్టుకతోనే ఆ మందును తట్టుకునే గుణం ఉంటుంది. మందు కొడితే మిగతావి చచ్చి అవి మిగుల్తాయి. వాటి పిల్లలే రేపు మన చేను నిండా. డోసు పెంచితే ఆ రోజు మరింత గట్టిగా ఎదురొస్తుంది.

ఇదే మాట విత్తనం ప్యాకెట్ మీద 'రెసిస్టెంట్' అని ఉంటే మంచిది. తెగులునో పురుగునో పైరు తట్టుకుంటుందని అర్థం. పురుగు వార్తలో ఉంటే చెడ్డది. ఎవరు దేన్ని తట్టుకుంటున్నారో చూసుకుని చదవాలి.

సరే, మందు మార్చి కొట్టమంటారు కదా. మార్చామని మనం అనుకుంటాం గానీ డబ్బా మారుతుంది, మందు మారదు. ఇక్కడే చిన్నక్షరాల పేరు పనికొస్తుంది. ఆ పేరు తోక చూడండి. మోనోక్రోటోఫాస్, క్వినాల్‌ఫాస్, ప్రొఫెనోఫాస్ అన్నిటికీ 'ఫాస్' తోక ఉంది. అవన్నీ ఒక ఇంటివాళ్ళు. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి 'త్రిన్' తోకవి ఇంకో ఇల్లు. ఇమిడాక్లోప్రిడ్, ఎసిటామిప్రిడ్ లాంటి 'ప్రిడ్' తోకవి మూడో ఇల్లు. ఒక ఫాస్ మానేసి ఇంకో ఫాస్ కొడితే అన్నని పంపి తమ్ముణ్ణి పిలిచినట్టే. తోక లేని చుట్టాలు కూడా ఉన్నారు. ఎసిఫేట్ ఫాస్ ఇంటిదే, ఫెన్‌వలరేట్ త్రిన్ ఇంటిదే. (ఈ పేర్లు గుర్తుకోసం చెప్పాం, వాడమని కాదు. వీటిలో కొన్నిటి మీద ఆంక్షలున్నాయి.)

ఇక ముడత సంగతి. మన తెలుగులో అన్నిటికీ 'మందు' ఒకటే. పురుక్కీ మందే, తెగులుకీ మందే, కలుపుకీ మందే, యూరియా కట్ట కూడా మందు కట్టే. ఇంగ్లీషు వేరుచేసి చెబుతుంది. 'సైడ్' అంటే చంపేది. ఎవర్నో దాని ముందు మాట చెబుతుంది. ఇన్సెక్టిసైడ్ పురుగుని, ఫంగిసైడ్ బూజు తెగులుని, హెర్బిసైడ్ కలుపుని చంపుతుంది. మైటిసైడ్ నల్లిని చంపుతుంది. దాన్నే అకారిసైడ్ అని కూడా రాస్తారు.

నల్లి పురుగు కాదా అంటే, కాదు. పురుక్కి ఆరు కాళ్ళు, నల్లికి ఎనిమిది. అది సాలీడు జాతి. మిరపాకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, అంటే 'థ్రిప్స్'. తిరగేసిన పడవలా కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి, అంటే 'మైట్'. కింది ముడతకి త్రిన్ మందు కొడితే నల్లి చావకపోగా, దాన్ని తినే మంచి పురుగులు చచ్చి నల్లి ఇంకా పెరుగుతుంది. దీనికీ ఓ ఇంగ్లీషు మాటుంది, 'రీసర్జెన్స్'. షాపులో "ముడత మందు" అనకుండా "మైట్‌కి కావాలి" అని అడిగి చూడండి, షాపాయన చెయ్యి వేరే అరలోకి వెళుతుంది.

2021లో మిరప పూతంతా నల్లటి సన్న పురుగులతో నిండిపోయినప్పుడు 'ఇన్వేసివ్' అనే మాట పేపర్లకెక్కింది. పైనుంచి వచ్చి పడ్డది అని అర్థం. ఆ నల్ల తామర పురుగు ఆగ్నేయాసియాది. మన దేశంలో 2015లో బెంగళూరులో బొప్పాయి మీద కనిపించింది. కొత్తగా వచ్చిన పురుగుని తినే శత్రువులు ఇక్కడ సరిపడా ఉండరు. ఉన్న కాసిని మనమే రోజు మార్చి రోజు మందు కొట్టి చంపుకుంటే దానికి ఎదురు లేదు. ఆ ఏడు చాలా చేలల్లో జరిగింది అదే. ఎకరాకి పెట్టిన మందుల ఖర్చు కూడా రాక కొందరు తోటలు దున్నేశారు.

పత్తి వైపు 'రెఫ్యూజ్' అనే మాట ఒకటుంది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చినప్పుడు 450 గ్రాముల బీటీ గింజల వెంట 120 గ్రాముల బీటీ కాని గింజల పొట్లం కూడా ఇచ్చేవారు. అది ఎందుకో తెలియక గట్టుమీద పారేసినవాళ్ళే ఎక్కువ. రెఫ్యూజ్ అంటే శరణు, తలదాచుకునే చోటు. చేను చుట్టూ ఆ గింజలు వేస్తే మామూలు పురుగులు అక్కడ బతికి, బీటీని తట్టుకున్న పురుగులతో జతకట్టి ఆ మొండి జాతిని పలచబరుస్తాయి. మనం పొట్లం పారేశాం. గుజరాత్‌లో గులాబీ పురుగు మొదటి రకం బీటీని తట్టుకుంటోందని 2010లో బయటపడింది, తర్వాత మన వైపు కాయల్లోనూ కనిపించింది. ఈమధ్య రెండు రకాల గింజలూ కలిపేసి ఒకే ప్యాకెట్‌లో ఇచ్చే పద్ధతి పెట్టారు.

అన్నిటికంటే ముందు నేర్వాల్సిన మాట 'యాంటిడోట్', విరుగుడు. అందరికీ ఒకటే విరుగుడు ఉండదు. ఫాస్ ఇంటి మందులకు అట్రోపిన్ ఇస్తారు. త్రిన్ ఇంటివాటికి ప్రత్యేక విరుగుడు లేదు, లక్షణాన్నిబట్టి వైద్యం చేస్తారు. మందు కొట్టేవాడు తూలిపడితే ఆస్పత్రికి మనిషితోబాటు డబ్బా కూడా తీసుకెళ్ళాలి. "ఏదో పురుగుమందండీ" అంటే డాక్టరుకి పొద్దుపోతుంది. డబ్బా మీది ముక్కోణం రంగు చూడండి. ఎరుపు అతి విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు, పసుపుల మీద 'పాయిజన్' అనీ, నీలం మీద 'డేంజర్' అనీ, ఆకుపచ్చ మీద 'కాషన్' అనీ ఉంటుంది. ఆకుపచ్చంటే విషం కాదని కాదు, తక్కువ విషమని.

ఇంట్లో ఏడో తరగతో ఎనిమిదో తరగతో చదివే పిల్లలుంటే పాత నోటుబుక్కొకటి తీయండి. మందు కొనగానే డబ్బా కడవకముందే చిన్నక్షరాల పేరు, శాతం, ఎక్స్‌పైరీ తేదీ, బ్యాచ్ నంబరు పిల్లల చేత చదివించి తెలుగక్షరాల్లో రాయించండి. పక్కన ఏ చేలో, ఏ పురుక్కి, ఏ తేదీన కొట్టారో మీరు చెప్పండి. బ్యాచ్ నంబరు బిల్లుమీద కూడా వేయించుకోండి. మందు పనిచేయక ఫిర్యాదు చేయాల్సొస్తే మొదట అడిగేది దాన్నే.