గెట్టు దగ్గరి మాట, గడప లోపలి మాట

నాగర్‌కర్నూల్ జిల్లా తిమ్మాజిపేట మండలంలో గానీ, చుట్టుపక్కల వనపర్తి, గద్వాల ప్రాంతాలలో గానీ రోజువారీ తగాదాలకు కారణాలు రాసుకుంటూ పోతే ఆ జాబితా అంత పొడవుగా ఉండదు. అన్నదమ్ముల చేన్ల మధ్య గెట్టు, పొలానికి పోయే బాట, బోరులో తగ్గిన నీళ్లు, పక్క చేన్లో పడ్డ పశువులు, ముసలి తల్లిదండ్రులు ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్న, తిరిగి రాని చేబదులు, తాగుడు, అత్తాకోడళ్ల మాట పట్టింపులు: ఎక్కువ లొల్లులు ఈ కొన్నింటి చుట్టూనే తిరుగుతాయి. పుట్టినప్పుడు వీటిలో ఏదీ పెద్దది కాదు. తగాదా పెరగడానికి అసలు విషయం కన్నా దాని గురించి ఎవరు ఎవరితో ఏ తీరుగా మాట్లాడారన్నదే ఎక్కువగా కారణమవుతుంది. మాట్లాడుకోవలసిన ఇద్దరు నేరుగా మాట్లాడుకోవడం మాని మూడో మనిషితో మాటలు పంపుకోవడం మొదలుపెట్టాక, మూరెడు గెట్టు కూడా రెండు ఇళ్ల పరువు సమస్యగా మారి, ఏళ్ల తరబడి పెళ్లిళ్లకూ చావులకూ రాకపోకలు లేని స్థితికి దారితీస్తుంది.

ఈ ప్రాంతంలో మూడో మనిషి పాత్ర పెరగడానికి వలస ఒక ముఖ్య కారణం. 2016 అక్టోబరు 11న నాగర్‌కర్నూల్ జిల్లా ఏర్పడేదాకా తిమ్మాజిపేట మహబూబ్‌నగర్ జిల్లాలో భాగంగా ఉండేది. పాలమూరు అని కూడా పిలిచే ఆ జిల్లా పేరు వింటే దేశంలో ఎన్నో చోట్ల ఆనకట్టలూ కాలువలూ రహదారులూ కట్టిన పాలమూరు కూలీలు గుర్తుకు వస్తారు. కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని భార్యాభర్తలు నెలల తరబడి బయటి రాష్ట్రాలకు పోతే, ఇంటి దగ్గర ముసలివాళ్లూ బడికి పోయే పిల్లలూ మిగిలేవారు. కల్వకుర్తి ఎత్తిపోతల పథకం కృష్ణా నీళ్లను జిల్లాలోని చాలా ఊళ్లకు చేర్చాక పరిస్థితి కొంత మారినా, సగం మంది ఊళ్లో, సగం మంది హైదరాబాదులో ఉంటూ సంసారం నడుపుకొనే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. పంపిన డబ్బు ఎంత, ఖర్చయినది ఎంత, నాయనకు మందులు ఎవరు తెచ్చారు, బిడ్డ సంబంధం గురించి ఎవరిని అడిగి మాట ఇచ్చారు అన్నవన్నీ ఆ ఇళ్లలో ఫోనులోనే తేలాలి. పని మధ్యలో ఉన్నవాడు రెండు ముక్కలలో చెప్పి పెట్టేస్తే, ఇంటి దగ్గరివారు దాన్ని నిర్లక్ష్యమనుకుంటారు. చెప్పకుండా మిగిలిపోయిన సంగతిని వదినో, చిన్నాయన కొడుకో తనకు తోచిన తీరుగా పూరిస్తారు. చెప్పుడు మాటలని ఊరు తప్పుపట్టే వాటిలో చాలా భాగం దుర్బుద్ధితో పుట్టినవి కావు, నేరుగా అడిగి తెలుసుకొనే వీలు లేక పుట్టినవి.

భూమి సంగతి ఇంకా లోతైనది, ఎందుకంటే ఇక్కడ తగాదాకు విత్తనం చాలా సార్లు నమ్మకంతో చేసుకున్న ఒప్పందంలోనే ఉంటుంది. రిజిస్ట్రేషన్ లేకుండా తెల్ల కాగితం మీద రాసుకొనే భూమి అమ్మకపు పత్రాన్ని సాదాబైనామా అంటారు; బంధువుల మధ్యా, పాలివాళ్ల మధ్యా ఇలాంటి అమ్మకాలు తరతరాలుగా సాగాయి. వీటిని క్రమబద్ధం చేసుకొనే అవకాశాన్ని తెలంగాణ ప్రభుత్వం 2020లో ఇచ్చినప్పుడు రాష్ట్రమంతటా సుమారు 9 లక్షల దరఖాస్తులు వచ్చాయంటే, ఎంత భూమి కేవలం తెల్ల కాగితం, మాట మీద చేతులు మారిందో ఊహించవచ్చు. భూమికి విలువ తక్కువగా ఉన్నంతకాలం ఆ మాట నిలిచింది. నీళ్లు వచ్చి, హైదరాబాదు వైపు నుంచి ధరలు పెరుగుతూ వచ్చి, 2018లో రైతుబంధు పథకం పట్టాదారు పాసుపుస్తకంలోని పేరును బట్టి ఎకరానికి పంటకు 4,000 రూపాయల చొప్పున డబ్బు ఇవ్వడం మొదలుపెట్టాక, అంతవరకు ఎవరూ తెరిచి చూడని రికార్డులోని పేరు ఇంటింటా చర్చకు వచ్చింది. దున్నుకునేవాడు ఒకరు, పుస్తకంలో పేరున్నవాడు ఒకరు అయిన చోట ఇద్దరూ తమ దృష్టిలో న్యాయంగానే మాట్లాడుతుంటారు, అందుకే ఎవరూ తగ్గరు. 2025 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన భూభారతి చట్టం రెవెన్యూ అధికారుల దగ్గర అప్పీలు చేసుకొనే అంచెలను మళ్లీ తెచ్చింది. అయినా సర్వేయరు వచ్చి హద్దురాళ్లు పాతిన తరువాత కూడా ఆ గెట్టుకు అటూ ఇటూ బతకవలసింది ఆ ఇద్దరే కాబట్టి, కొలతతో పాటు మాట కూడా కుదరాలి.

పంపకాలలో మాట కుదరకపోవడానికి, పైకి చెప్పుకోని మరో కారణం ఆడబిడ్డలను అడగకపోవడం. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చి, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లి కాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానమైన వాటా ఇచ్చింది; 2005లో కేంద్ర సవరణ ఆ హక్కును దేశమంతటా పెళ్లయిన కూతుళ్లకు కూడా విస్తరించగా, ఆ సవరణ వచ్చే నాటికి తండ్రి బతికి ఉండి తీరాలన్న నియమం లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది. ఇంత జరిగినా చాలా ఇళ్లలో అన్నదమ్ములు, పెద్దమనుషులు కూర్చొని వాటాలు తేల్చుకున్నాక, రిజిస్ట్రేషన్ రోజు దగ్గర పడినప్పుడు మాత్రమే అక్కకో చెల్లెకో ఫోను పోతుంది, అదీ సంతకం కోసం. ఆమె అభ్యంతరం చెబితే పుట్టింటి మీద కోర్టుకెక్కిందన్న నింద, చెప్పకపోతే జీవితాంతం మనసులో మిగిలే నొప్పి. మొదటి రోజే పిలిచి అడిగి ఉంటే, ఆమె భూమే కోరేదో, తల్లి నగలు కోరేదో, పిల్ల చదువుకు సాయం కోరేదో, తన పేరు చెప్పారన్న గౌరవంతోనే తృప్తిపడేదో తెలిసేది. అడగకుండా ఊహించి తేల్చడం అన్యాయం, పైగా పదేళ్ల తరువాత తిరిగి వచ్చే కేసుకు పునాది.

ఇలాంటి తగాదాలన్నీ మొదట చేరేది పెద్దమనుషుల పంచాయితీకి. కోర్టుకు పోతే ఖర్చు, కాలం, పైగా ఓడినవాడి పగ మిగులుతాయి కాబట్టి, ఊరి చెట్టు కిందో గ్రామపంచాయతీ ఆఫీసు ముందో నలుగురు కూర్చొని సర్దిచెప్పే పద్ధతికి నిజమైన విలువ ఉంది. అయితే ఈ ప్రాంతపు చరిత్రను పక్కన పెట్టి ఆ పద్ధతిని పొగడడం సరికాదు. గద్వాల, వనపర్తి సంస్థానాల కాలంలోనూ, తరువాత పటేల్, పట్వారీల పెత్తనం 1980ల మధ్యలో రద్దయ్యేదాకానూ ఊరి తీర్పులు చాలా వరకు దొరల గడీ అరుగు మీద కూర్చున్నవారు చెప్పినవే. ఎదురుగా చేతులు కట్టుకొని నిలబడ్డవారికి ఒప్పుకోవడం తప్ప వేరే దారి ఉండేది కాదు. ఆ భయం వ్యవస్థతో పాటే పోలేదు. ఇప్పటికీ కొన్ని పంచాయితీలలో డబ్బున్నవాడు, పై కులంవాడు ఎక్కువసేపు మాట్లాడతాడు, దళితుడో కూలీనో ఒక్క మాటలో ముగిస్తాడు, ఆడమనిషి సంగతిని ఆమె తండ్రి చెబుతాడు. ఆ ఒక్క మాటను విని రాజీ కుదిరిందని కాగితం రాస్తే అది రాజీ కాదు, మౌనం మీద వేసిన ముద్ర. కొన్ని చోట్ల జరిమానాలు, సాంఘిక బహిష్కరణల దాకా పోయే పెద్దరికానికి చట్టంలో చోటు లేదు. యుక్తవయస్సు వచ్చిన ఇద్దరి పెళ్లిలో కుల పంచాయితీలు జోక్యం చేసుకోవడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2018 మార్చిలో స్పష్టంగా చెప్పింది.

ఇక్కడే మధ్యవర్తిత్వానికీ తీర్పుకూ ఉన్న తేడా తెలియాలి. తీర్పు చెప్పేవారు ఎవరిది తప్పో తేలుస్తారు. మధ్యవర్తి తప్పొప్పులు తేల్చరు, ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినే వీలు కల్పించి పరిష్కారాన్ని వారి చేతనే చెప్పిస్తారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రోజర్ ఫిషర్, విలియం యూరీ 1981లో వెలువరించిన పుస్తకంలో, తగాదాలో ఉన్నవారు పైకి చెప్పే పట్టు వేరు, దాని వెనుక ఉన్న అవసరం వేరు అని విడదీసి చూపారు. తల్లిని ఎవరు చూసుకోవాలన్న తగాదాకు దీన్ని అన్వయిస్తే విషయం తేటపడుతుంది. తమ్ముడి వాటాకు మంచి భూమి వచ్చింది కాబట్టి తల్లిని అతడే చూడాలన్నది అన్న పట్టు. తాను ఊళ్లో ఉండి ఇన్నేళ్లు చేసిన చాకిరీని ఎవరూ గుర్తించలేదన్నది అతని లోపలి బాధ. తాను పట్నంలో కిరాయి ఇంట్లో ఉంటున్నాను కాబట్టి కుదరదన్నది తమ్ముడి పట్టు. నెలనెలా మందుల ఖర్చు పెరిగితే తట్టుకోలేనన్నది అతని భయం. పట్టుల మీదనే వాదిస్తే తల్లిని నెలకొక ఇంటికి వంతులు వేసుకోవడంతో ముగుస్తుంది. అవసరాలు బయటికి వస్తే ఒకరు చాకిరీ, ఒకరు ఖర్చు పంచుకోవచ్చు. అన్నిటికన్నా ముందు తల్లిని అడగవచ్చు. తన ఇంట్లోనే, తనకు తెలిసిన వాడకట్టులోనే ఉండాలన్న ఆమె కోరిక ఎన్నో పంచాయితీలలో ఒక్కసారి కూడా వినబడదు.

వినడం అంటే ఊరుకోవడం కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్‌తో కలిసి 1957లో వివరించిన చురుకైన వినికిడి అనే పద్ధతిలో, విన్నవారు తమ జవాబు చెప్పేముందు ఎదుటివారు చెప్పినదాన్ని తమ మాటలలో తిరిగి చెప్పి, అర్థం అదేనా అని అడుగుతారు. మన పంచాయితీలలో అడ్డం రాకుండా ఒకరిని చివరిదాకా చెప్పనిచ్చే మంచి పెద్దమనుషులు ఎప్పుడూ ఉన్నారు. ఆ అలవాటుకు ఈ ఒక్క మెట్టు చేరిస్తే చాలు, సగం వేడి తగ్గుతుంది. మాట్లాడేవారి వైపు నుంచి కూడా ఒక క్రమం ఉంది. మార్షల్ రోజెన్‌బర్గ్ బోధించిన అహింసాత్మక సంభాషణలో జరిగినదాన్ని, దానివల్ల కలిగిన బాధను, కావలసినదాన్ని, కోరే పనిని విడివిడిగా చెబుతారు. "నీకు ఎన్నడూ ఇంటి పట్టింపు లేదు" అనడం మనిషి మొత్తం మీద వేసే నింద. "రెండు నెలల నుంచి పైసలు రాలేదు, దుకాణంలో ఉద్దెర అడగాలంటే సిగ్గుగా ఉంది, పదో తారీఖులోపు ఎంత పంపగలవో చెప్పు" అనడం జవాబు చెప్పగల మాట. దంపతుల సంభాషణలను దశాబ్దాల పాటు పరిశీలించిన అమెరికన్ పరిశోధకుడు జాన్ గాట్‌మన్, నిందించడం, చులకన చేయడం, ప్రతిదానికీ సమర్థించుకోవడం, మాట మానేసి బిగుసుకుపోవడం అనే నాలుగింటినీ సంసారానికి కీడు చేసే అలవాట్లుగా గుర్తించి, వాటిలో చులకన చేయడమే అన్నిటికన్నా ప్రమాదకరమన్నారు. పుట్టింటినీ, రంగునూ, చదువునూ ఎత్తిపొడిచే మాటలు మన ఇళ్లలో ఎంత తేలికగా దొర్లుతాయో తెలిసినవారికి ఆయన మాట కొత్తగా తోచదు. కోపం తలకెక్కినప్పుడు కనీసం 20 నిమిషాలు ఆగి మళ్లీ కూర్చోవాలన్న ఆయన సలహా కూడా ఆచరించదగినదే. తాగి ఉన్న మనిషితో ఆ రాత్రి ఏ లెక్కా తేల్చకూడదన్నది దీనికి ఊళ్లు అనుభవంతో చేర్చిన నియమం.

అయితే మాటతో తేలే తగాదాలకు హద్దు ఉంది, ఆ హద్దును చెరిపే మంచితనం ప్రాణాల మీదికి తెస్తుంది. కొట్టిన భర్తతో సర్దుకుపొమ్మని భార్యకు చెప్పడం మధ్యవర్తిత్వం కాదు. 1990ల తొలినాళ్లలో పూర్వపు మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాలలో పని మొదలుపెట్టిన మహిళా సమతా సంఘాలలో ఆడవారు కలిసి కూర్చొని ఇంటి హింస గురించి మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. నాలుగు గోడల మధ్య దాచిన సంగతి పదిమంది ఆడవారి ముందు చెప్పగలగడమే ఆనాడు పెద్ద మార్పు. ఇప్పుడు 2005 నాటి గృహహింస చట్టం, 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు, బాధిత మహిళలకు సాయపడే సఖి కేంద్రాలు జిల్లాలలో ఉన్నాయి. 2024 జులై 1 నుంచి భర్త, అతని బంధువుల క్రూరత్వం భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ కింద నేరం. దెబ్బలున్న చోట ముందు రక్షణ, ఆ తరువాత, ఆమె కోరితేనే, మాటలు.

మిగిలిన తగాదాలలో మాటకు చట్టం తోడుగా నిలుస్తుంది. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద నడిచే లోక్ అదాలత్‌లో ఇరుపక్షాలు ఒప్పుకొని రాసుకున్నది సివిల్ కోర్టు డిక్రీతో సమానం; దానిపై అప్పీలు ఉండదు, అప్పటికే కోర్టు ఫీజు కట్టి ఉంటే తిరిగి వస్తుంది. ఆడవారికి, పిల్లలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది. తల్లిదండ్రుల పోషణకు 2007లో వచ్చిన చట్టం ప్రకారం ఏర్పడ్డ ట్రిబ్యునల్‌లో, విచారణకు ముందు రాజీ అధికారి ద్వారా పిల్లలతో మాట్లాడించే ఏర్పాటు ఉంది. తన నివేదిక ఇవ్వడానికి ఆ అధికారికి ఒక నెల గడువు. వాడకట్టు శాంతికి భంగం కలిగించే తగాదాలను ఇరుపక్షాల ముందస్తు సమ్మతితో ముగ్గురు మధ్యవర్తుల బృందం ముందు మాట్లాడుకొనే సామాజిక మధ్యవర్తిత్వానికి 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టం చోటు ఇచ్చింది, కానీ అక్కడ రాసుకున్న ఒప్పందం కోర్టు డిక్రీలా అమలు చేయించుకోదగినది కాదు. భూమి విషయంలో మరింత జాగ్రత్త అవసరం: పెద్దమనుషులు సంతకాలు చేసిన కాగితం ఎంత మంచి మనసుతో రాసినదైనా, రిజిస్ట్రేషన్ జరిగి రికార్డులో పేరు మారకపోతే అది మరో సాదాబైనామాగానే మిగులుతుంది.

ఊళ్లలో పెద్దమనుషులుగా కూర్చొనేవారు, సర్పంచులు, మహిళా సంఘాల నాయకురాళ్లు తమ ముందుకు వచ్చే తర్వాతి పంచాయితీలో బలహీనంగా ఉన్న పక్షాన్ని మొదట మాట్లాడనివ్వాలి, వలసలో ఉన్నవారిని పండుగకు వచ్చేదాకా ఆగి ఎదురుగా కూర్చోబెట్టాలి, పంపకాలకు ఆడబిడ్డలను మొదటి రోజే పిలవాలి. అప్పటికీ కుదరని వారు ఉచిత న్యాయ సలహా కోసం 15100 నంబరుకు ఫోను చేయవచ్చు, లేదా నాగర్‌కర్నూల్‌లోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను సంప్రదించవచ్చు.