వీసా ప్రార్థన దాటాక

నార్త్ కరోలినాలో ర్యాలీకీ డర్హమ్‌కీ నడుమ ఉన్న చిన్న ఊరు మోరిస్‌విల్. 2020 జనాభా లెక్కల్లో ముప్పై వేలకు కాస్త తక్కువ. పక్కనే 1959లో మొదలైన రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్, ఊళ్లోనే లెనోవో అమెరికా ప్రధాన కార్యాలయం. ఈ ఉద్యోగాల కోసమే తెలుగువాళ్లు ఇక్కడికి చేరారు. ఊళ్లో గుడి ఉంది, మేజర్ లీగ్ క్రికెట్ మ్యాచ్‌లు జరిగిన మైదానం ఉంది. వచ్చినవాళ్లలో క్రైస్తవ కుటుంబాలూ ఉన్నాయి. 2022-23లో ప్యూ పరిశోధన సంస్థ జరిపిన సర్వేలో అమెరికాలోని భారతీయ మూలాలవాళ్లలో 15 శాతం మంది తాము క్రైస్తవులమని చెప్పారు. మన దేశంలో 2011 లెక్కల ప్రకారం అది 2.3 శాతమే.

గుంటూరులోనో భీమవరంలోనో ఉన్నప్పుడు భక్తికి చుట్టూ ఆసరా ఉంటుంది. చర్చి గంట, ఉపవాస కూటం, స్త్రీల సమాజం, ఇంటికొచ్చి ప్రార్థన చేసి వెళ్లే పాస్టర్ గారు. ఒక్క వారం మానేస్తే చాలు, “ఏమ్మా, ఆదివారం కనపడలేదే?” అని నిలదీసే పెద్దమ్మ ఒకరుంటారు. అమెరికాలో ఆ అడిగే నోరు లేదు. ఆ ఖాళీని ఫోను నింపుతోంది. కారులో యూట్యూబ్ సందేశం, పొద్దున్నే వాట్సాప్‌లో వాగ్దాన వాక్యం, రాత్రి కాన్ఫరెన్స్ కాల్‌లో ప్రార్థన. ఇవేవీ చెడ్డవి కావు. కాకపోతే దేవుడి గురించి వినడం ఒకటి, దేవుడితో మాట్లాడటం మరొకటి. రోజుకు రెండు ప్రసంగాలు విని కూడా ఐదు నిమిషాలు ఒంటరిగా మోకరించని వాళ్లు ఏ సంఘంలోనైనా కనిపిస్తారు.

మాట్లాడినా దేని గురించి మాట్లాడుతున్నారన్నది ఇంకో సంగతి. ప్రవాస తెలుగు కూటాల్లో ప్రార్థన అంశాలు అడిగితే ముందుగా వచ్చేవి హెచ్1బీ ఉద్యోగ వీసా లాటరీ, వీసా స్టాంపింగ్, గ్రీన్ కార్డు. దానికి కారణం లేకపోలేదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే సాధారణంగా దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి దక్కకూడదన్న నియమం వల్ల భారతీయులు ఏళ్ల తరబడి వరుసలో ఉంటున్నారు. అంత బెంగ పెట్టుకుని ప్రార్థించకుండా ఎలా ఉంటారు? చిక్కంతా పని అయ్యాకే. సాక్ష్యం చెప్పి, స్వీట్లు పంచాక దేవుడితో మాట్లాడటానికి ఏమీ మిగలదు. పనిబడితేనే ఫోన్ చేసే బంధువుల్లా తయారవుతాం.

పని కానివాళ్ల సంగతీ ఉంది. పదేళ్లుగా ఎదురుచూస్తున్నవాడు కూటంలో నవ్వుతూ “దేవుని సమయం వస్తుంది బ్రదర్” అంటాడు గానీ, తన విసుగును దేవుడి ముందు పెట్టడానికి జంకుతాడు. అలా జంకమని బైబిల్ చెప్పలేదు. 150 కీర్తనల్లో ఎన్నో మొరలే, ఫిర్యాదులే. పదమూడో కీర్తన ఆరే వచనాలు. అందులో దావీదు ఇంకెన్నాళ్లని నాలుగుసార్లు నిలదీస్తాడు.

ఒంటరి ఇంజనీర్లకు మనవాళ్లు బాగా ఎరిగిన ఉదాహరణ ఒకటుంది. 1903లో పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో పుట్టిన భక్తసింగ్ ఇంజనీరింగ్ చదువు కోసం ఇంగ్లండ్ వెళ్లి, అక్కణ్నుంచి కెనడా చేరారు. చిన్నప్పుడు బైబిల్ చేతికొస్తే, తోలు అట్ట బాగుందని అది ఉంచుకుని లోపలి కాగితాలు చింపేసిన మనిషి ఆయన. 1929 డిసెంబరు చలిలో, విన్నిపెగ్‌లో, స్నేహితుడు ఇచ్చిన కొత్త నిబంధన తెరిచారు.  చదువుతూ చదువుతూనే మారిపోయారు. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకుని, మరుసటి ఏడు స్వదేశానికి తిరిగొచ్చారు. ఆ తర్వాత సంఘాలు స్థాపించారు. వాటి కేంద్రమైన హైదరాబాద్ హెబ్రోన్‌లోనే చివరిదాకా ఉండి, 2000లో కన్నుమూశారు. ఆయన సంఘాల్లో ఆదివారం వాక్యోపదేశం కంటే ముందు విశ్వాసులే ఒకరి తర్వాత ఒకరు లేచి స్తుతి చెల్లిస్తారు. వారమంతా బైబిల్ ముట్టనివాడికి అక్కడ సొంతంగా చెప్పుకోవడానికి మాటలు దొరకవు.

1938లో బైబిల్ మిషన్ స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారి దారి వేరు. దైవ సన్నిధిలో మౌనంగా కూర్చుని కనిపెట్టడం ఆయన నేర్పిన అభ్యాసం. అడిగేది అడిగి లేచిపోకుండా కూర్చోవాలి. నోటిఫికేషన్లకు అలవాటుపడిన చేతికి ఇది ఉపవాసం కంటే కష్టమనిపిస్తుంది.

అంత తీరికెక్కడిదని అడిగేవాళ్లకు పదిహేడో శతాబ్దపు పారిస్ మఠంలో వంట చేసిన బ్రదర్ లారెన్స్ జవాబిస్తాడు. ఆయనకు వంటపనంటే మొదట్నుంచీ గిట్టేది కాదు. ఆ గిన్నెల చప్పుడులోనే దేవుడితో మాట్లాడుకోవడం అలవాటు చేసుకున్నాడు. మోరిస్‌విల్‌లో అదే పని కారులో కుదురుతుంది. ఆఫీసు పార్కింగ్‌లో ఇంజిన్ ఆపి, బ్యాడ్జి మెడలో వేసుకునే ముందు ఐదు నిమిషాలు. ఆ రోజు మీటింగులో ఎవరి మీద చిరాకు పడబోతున్నారో ఆ మనిషి పేరు చెప్పి ప్రార్థిస్తే, వీసా అంశం కంటే దగ్గరి మాట అవుతుంది.

ఇక కుటుంబ ప్రార్థన. పిల్లలకు తెలుగు చదవడం రాకపోతే అధ్యాయం ఇంగ్లిష్‌లోనే చదవనివ్వచ్చు. పెద్దలు తమకు వచ్చిన తెలుగులోనే ప్రార్థించుకోవచ్చు. ఏ భాషలో చేస్తున్నారని కాదు, పిల్లలు తల్లిదండ్రుల సొంత ప్రార్థన చెవులారా వింటున్నారా అన్నదే లెక్క. అమ్మమ్మను వీడియో కాల్‌లో కలుపుకొంటే ఇంకా మంచిది. వేసవిలో ఇక్కడ రాత్రి తొమ్మిదయితే గుంటూరులో మర్నాటి పొద్దున ఆరున్నర. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి కాబట్టి, ఆ రోజు నుంచి ఏడున్నరకు కలవమని ఆవిడకు ముందే చెప్పాలి.