చిరునామాలో ఏ ముక్కను నమ్మవలెను?

కుందారపల్లి శుక్రవారపు సంతలో మేకను కొనువాడు అమ్మువాని మాటలు వినడు. ముందు దాని నోరు తెరచి పళ్ళు చూచును. ఇంత జాగ్రత్త గల మనవారే, తిరుమల ప్రయాణము తలపెట్టి సెల్‌ఫోనులో “తిరుమల గదులు” అని వెదకునపుడు మాత్రము, మొట్టమొదట కనబడినదానిని గబుక్కున నొక్కుచున్నారు. ఆ మొదటిది తరచుగా ఎవరో డబ్బు కట్టి వేయించిన ప్రకటన. “స్పాన్సర్డ్” అను మాట పైన ఉండనే ఉండును, చదువు ఓపిక ఎవరికి?

ఈ ప్రకటనలలో చూపు చిరునామాకు గూగుల్ కంపెనీవారి నియమములు కొన్ని కలవు. చూపిన చిరునామాలోని డొమైను, అనగా అసలు పేరు, నొక్కిన పిదప మనము చేరు చోటి పేరు ఒకటే కావలెను. 2008 ఏప్రిల్ నుండి దీనిని గట్టిగా అమలు జరుపుచున్నారు. పూర్వము ప్రకటనదారుడే ఆ చిరునామాను వ్రాసి ఇచ్చెడివాడు. 2016లో పద్ధతి మారినది. ఇప్పుడు అసలు పేరును, చేరబోవు పేజీనుండి కంపెనీవారే తీసి చూపుదురు.

అయితే ఆ పేరు తరువాత ఒక ఏటవాలు గీత ఉండును. దాని వెనుక రెండు ముక్కలు, ఒక్కొక్కటి 15 అక్షరములకు మించకుండ, ప్రకటనదారుడు తానే వ్రాసికొనవచ్చును. అక్కడి విషయమును సూచించు మాటలు కావలెనన్నదే నియమము. ఆ పేరుగల పేజీ నిజముగా ఉండనక్కరలేదు. కనుక గీత వెనుక “తిరుమల”, “దర్శనము” అని కనబడినంత మాత్రమున అది దేవస్థానము కాదు.

గీతకు ముందున్న పేరు నిజమే గదా అందురేమో. నిజమే. కాని ఆ పేరు ఎవరిదో నియమము చెప్పదు. “చూపిన చోటికే తీసికొని పోవుదుము” అన్నంతవరకే దాని పూచీ. దేవస్థానపు పేరును పోలిన పేరును ఎవరైనను కొద్ది రుసుముతో కొనవచ్చును. మా అభిప్రాయములో మనవారు మోసపోవునది ఇక్కడనే. నకిలీ వెబ్‌సైట్లను గురించి దేవస్థానమువారు పలుమారులు హెచ్చరించి, పోలీసులకు ఫిర్యాదులు కూడ చేసియున్నారు.

మరి గుర్తుపట్టుట ఎట్లు? తపాలావారు కవరుమీద క్రింది వరుసను ముందు చూచి, ఏ ఊరి సంచిలో వేయవలెనో తేల్చుకొందురు. ఇక్కడ కూడ అంతే. మొదటి ఏటవాలు గీతకు ముందున్న భాగమును కుడినుండి ఎడమకు చదువవలెను. దేవస్థానమువారి చిరునామా 2024 జనవరి నుండి “టిటిదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్”. కుడి చివరి “గవ్ డాట్ ఇన్” ప్రభుత్వ సంస్థలకే ఇచ్చునది. దాని ఎడమనున్న “ఏపీ” రాష్ట్రము. ఆ తరువాతనే దేవస్థానము. “గవ్” అను మూడక్షరములు నడుమనో గీత వెనుకనో ఉండి, గీతకు ముందు మరేదో పేరుంటే దానిని ముట్టవద్దు. బ్యాంకుల పేర్లకు, పాస్‌పోర్టుకు కూడ ఇట్లే చదువవలెను. ఆ వ్యవహారములలో పోవు సొమ్ము ఇంకను పెద్దది.

ఒకవేళ డబ్బు పోయినచో, సిగ్గుపడి ఇంట్లో దాచక వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది ఆ సొమ్ము చేతులు మారిపోవును.

దేవస్థానపు చిరునామాను కాగితముమీద వ్రాసి క్యాలెండరు ప్రక్కన అంటించుకొన్న ఇంటివారికి అసలు వెదకవలసిన పనియే ఉండదు.